ఆరేళ్ల పిల్లలకు శక్తి, బలం ఎలా చెప్పాలి? నాలుగు నాణేలు నా పాఠాన్ని బోల్తా కొట్టించాయి

పలక_బలపం

అందరికీ నమస్కారం. ఒకటి, రెండు తరగతులకు చెప్తాను. ముప్ఫై మంది, అందరూ ఆరేడేళ్ల వాళ్లే. ఈ నెల "కదలిక, బలం, శక్తి" పాఠం. నిన్న క్లాసులో జరిగింది రాస్తున్నాను, తిట్టేముందు చివరిదాకా చదవండి.

ముందు బోర్డు మీద "పని చేయగల సామర్థ్యమే శక్తి" అని రాశాను. ముప్ఫై మందీ గొంతు చించుకుని చెప్పారు. ఆహా అనుకున్నాను. వెంటనే ఒక అమ్మాయిని లేపి, బొమ్మ కారు చూపించి, "దీనికి శక్తి ఉందా?" అని అడిగాను. "లేదు టీచర్, దానికి ఎవరూ పని చెప్పరు కదా" అంది.

సరే, మాటలు పక్కన పెడదామని ఒక పెద్ద అట్టను పుస్తకాల మీద ఆనించి జారుడుబల్లలా చేశాను. కారు వదిలాను. రెండోసారి అదే కారు మీద నాలుగు నాణేలు టేపుతో అంటించి వదిలాను. రెండూ ఒకే దూరం పోతాయి, "చూశారా, బరువుతో సంబంధం లేదు" అని చెబుదామని నా ప్లాను. నాణేల కారు జానెడు ఎక్కువ దూరం పోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. "బరువున్నది ఫాస్ట్‌గా పోతుంది" అని క్లాసంతా తీర్మానించేసింది. నేను గడియారం వైపు చూశాను.

ఎక్కడ తప్పు చేశాను? సోమవారం మళ్లీ అదే క్లాసు. ఒకటే టెన్షన్.

నిద్రలేని_నాన్న

మీ పిల్లలు తేల్చింది అరిస్టాటిల్ చెప్పిందే కదండీ. అది జనం బుర్రల్లోంచి పోవడానికి దాదాపు 2000 ఏళ్లు పట్టింది. మీరేమో సోమవారంలోపు అంటున్నారు.

వర్నియర్_మాస్టారు

అమ్మా, మీరు తప్పేమీ చేయలేదు. కారు కూడా అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది మీరు అడిగిన ప్రశ్నకు కాదు, అంతే.

బరువు పెంచితే భూమి లాగే బలం పెరుగుతుంది. చక్రాల దగ్గర, నేల దగ్గర ఉండే ఘర్షణ కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. కాబట్టి ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. ఇక్కడిదాకా మీరు అనుకున్నది కరెక్టే. కానీ ఇంకో రెండు ఉన్నాయి. గాలి అడ్డుకునే బలం కారు ఆకారాన్నీ వేగాన్నీ బట్టి ఉంటుంది, మీరు అంటించిన నాణేలతో దానికి పని లేదు. అదే అడ్డు తేలిక కారుకు పెద్ద దెబ్బ, బరువు కారుకు చిన్న దెబ్బ. ఇక చక్రాలు. కిందికి దిగుతున్నప్పుడు వచ్చే శక్తిలో కొంత కారు ముందుకు పోవడానికి, కొంత చక్రాలు గిరగిరా తిరగడానికి ఖర్చవుతుంది. నాణేలు పెడితే బండి బరువెక్కింది, చక్రాలు మాత్రం పాతవే. వాటి వాటా తగ్గింది. అందుకే ఆ జానెడు.

ఇది ఆరేళ్ల పిల్లలకు చెప్పే విషయం కాదు. మీ మనశ్శాంతి కోసం రాశాను.

సోమవారం బరువు జోలికి పోకండి. ఒకే కారు, ఒకే అట్ట. అట్ట కింద ఒక పుస్తకం, తర్వాత రెండు, తర్వాత మూడు. ప్రతిసారీ ఆగిన చోట చాక్‌పీసుతో గీత. మరో రోజు ఎత్తు మార్చకుండా కింద నేల మార్చండి: ఉత్త నేల, పేపరు, తువ్వాలు. ఒకసారికి ఒక్కటే మారాలి. గెలీలియో చేసింది కూడా ఇలాంటిదే. నిలువుగా పడే వస్తువును కొలిచేంత మంచి గడియారం లేక, పడటాన్నే నెమ్మదింపజేయడానికి వాలు బల్ల మీద గుండ్లు దొర్లించాడు. 1638లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఆ వివరం ఉంది.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. కారు వదిలేముందు "ఎక్కడ ఆగుతుంది?" అని అడిగి, ప్రతి పిల్లవాడి చేతా నేల మీద ఒక గుర్తు పెట్టించండి. గుర్తు పెట్టని పిల్లవాడు కారును చూస్తాడు. పెట్టినవాడు తన గుర్తును చూస్తాడు.

చిన్నిగాడి_అమ్మ

మాస్టారూ, ఒక సందేహం. మావాడికి ఐదున్నర. కారు తోసి వదిలాక అది ఆగిపోతే "దాని బలం అయిపోయింది అమ్మా" అంటాడు. నేను అవునన్నాను. అది తప్పా? నాకూ అలాగే అనిపిస్తుంది నిజం చెప్పాలంటే.

మాటలపోగు

ఈ ప్రశ్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది. సైన్సు నా సబ్జెక్టు కాదు, తెలుగు చెప్తాను. అయినా జోక్యం చేసుకుంటాను.

మన మాటల్లో బలానికీ శక్తికీ తేడా ఎక్కడ ఉంది? జ్వరం వచ్చి తగ్గితే "ఒంట్లో బలం లేదు" అంటాం, "శక్తి లేదు" అని కూడా అంటాం. "శక్తి కొద్దీ లాగాడు", "బలం కొద్దీ లాగాడు", రెండూ ఒకటే. ఫిజిక్సు పుస్తకంలో మాత్రం బలం వేరు, శక్తి వేరు. పైగా మేడమ్ బోర్డు మీద రాసిన వాక్యం చూడండి. "పని చేయగల సామర్థ్యమే శక్తి." అదే పిల్లవాడు హైస్కూలుకు వెళ్లేసరికి "సామర్థ్యం" అంటే పవర్ అని, అది శక్తి కాదని, ఒక సెకనులో ఎంత పని జరిగిందన్న లెక్క అని చెప్తారు. వడి, వేగం సంగతి కూడా అంతే. ఇంట్లో రెండూ ఒకటే, పుస్తకంలో రెండు వేరు. పిల్లవాడికి సైన్సు రాకపోవడం కాదిది. వాడు ఇంటి తెలుగు మాట్లాడుతున్నాడు, మనం పుస్తకం తెలుగులో వింటున్నాం.

చిన్నిగాడు "బలం అయిపోయింది" అన్నప్పుడు వాడి మనసులో ఉన్న మాట నాకు తెలిసి "ఊపు". "ఊపు తగ్గింది, ఆగిపోయింది" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. అచ్చ తెలుగు మాట. దాన్నే ఎందుకు వాడకూడదు?

వర్నియర్_మాస్టారు

అమ్మా, చిన్నిగాడు చూసింది తప్పు కాదు, పెట్టిన పేరు తప్పు. మనం తోసినప్పుడు చేతికీ కారుకూ మధ్య బలం ఉంది. చెయ్యి వదిలిన క్షణాన ఆ బలం పోయింది. అది కారులోకి ఎక్కి కూర్చోదు. కారులో మిగిలేది కదలిక. దాన్ని నేల, ఇరుసు, గాలి కలిసి కొద్దికొద్దిగా తినేస్తాయి. ఏదీ తినకపోతే కారు అలా పోతూనే ఉంటుంది. 1687లో న్యూటన్ అచ్చులో పెట్టిన మొదటి నియమం ఇదే.

మాటలపోగు గారూ, "ఊపు" నాకూ ఇష్టమే. కానీ పై తరగతికి వెళ్లాక ఊపు అంటే ద్రవ్యవేగమా (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది), గతిజశక్తా (కదలిక వల్ల ఉండే శక్తి) అని తగువు వస్తుంది.

మాటలపోగు

వస్తే అప్పుడు తీర్చుకోవచ్చు మాస్టారూ. ఆరేళ్లకు ఆ తగువు రాదు. "బలం అయిపోయింది" అని పదేళ్లు అన్నాక దిద్దడం కంటే "ఊపు తగ్గింది" అన్నవాడిని దిద్దడం తేలిక.

వర్నియర్_మాస్టారు

ఓడిపోయాను. ఊపే కానివ్వండి.

స్పానర్

నేను ఇంకో అడుగు ముందుకు వెళ్తాను. ఈ వయసుకు "శక్తి" అన్న మాటే వద్దు. తోయడం, లాగడం, ఆపడం, తిప్పడం ఉంటే చాలు.

1966లో సైన్సు టీచర్ల సభలో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మాన్ దీని గురించే మాట్లాడారు. ఒకటో తరగతి పుస్తకంలో కీ ఇస్తే నడిచే బొమ్మ కుక్క, నిజం కుక్క, మోటారుసైకిలు వేసి, "దీన్ని కదిలించేది ఏది?" అని అడిగారట. జవాబు: శక్తి. అన్నిటికీ అదే జవాబు. ఆయన అభ్యంతరం ఏమిటంటే, ఆ మాట తీసేసి అర్థంపర్థం లేని ఇంకో మాట పెట్టినా పిల్లవాడికి తెలిసింది ఏమీ మారదు. బొమ్మను విప్పి లోపల స్ప్రింగు, పళ్ల చక్రాలు చూపిస్తే ఏదో ఒకటి తెలుస్తుంది.

నేను పని చేసేది మెషిన్లతో. ఇంట్లో పాడైన బొమ్మ ఏదైనా పారేసేముందు మా అమ్మాయికి స్క్రూడ్రైవర్ ఇస్తాను. ఆ అమ్మాయికి ఏడేళ్లు. శక్తి అంటే ఏమిటో చెప్పలేదు. స్ప్రింగు బిగిస్తే చెయ్యి ఎందుకు నొప్పెడుతుందో మాత్రం చెప్తుంది.

ఆకుపచ్చ

స్పానర్ గారితో సగమే ఏకీభవిస్తాను. మాట వద్దంటే వద్దు అయిపోదండీ. "తింటే శక్తి వస్తుంది" అని ఇంట్లో పొద్దున్నే వినేసి వస్తారు. టీవీలో వింటారు. బొమ్మ ఆగిపోతే "బ్యాటరీలో పవర్ అయిపోయింది" అంటారు. మాట ఎలాగూ బుర్రలో ఉంది, దానికి మంచి ప్రశ్న తగిలించడమే మన పని.

నేను అడిగేవి రెండే: ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడికి పోయింది? దారపు రీలు బండి చేయిస్తాను. రీలు కన్నంలోంచి రబ్బరు బ్యాండు దూర్చి, ఒక పక్క విరిచిన అగ్గిపుల్ల ముక్కకు తగిలించి దాన్ని రీలుకు టేపుతో అంటించాలి. రెండో పక్క ఒక పెద్ద పూస, దాని అవతల పొడవాటి పుల్ల. పుల్లను ఇరవైసార్లు తిప్పి కింద పెడితే బండి తనంతట తాను పాకుతుంది. "బండిని ఎవరు నడిపారు?" అంటే రబ్బరు అంటారు. "రబ్బరుకు ఎవరిచ్చారు?" నేనే, చేత్తో తిప్పాను. "నీ చేతికి?" అన్నం. "అన్నానికి?" ఇక్కడ క్లాసు నిశ్శబ్దం. ఎవరో ఒకరు మొక్క అంటారు. మొక్క దగ్గర్నుంచి ఎండలోకి వెళ్లడానికి రెండు నిమిషాలు చాలు. ఇందులో నిర్వచనం ఒక్కటీ లేదు. శక్తి అన్న మాట ఆఖర్న పేరుగా వస్తుంది.

పెద్దవాళ్లు కూడా ఒక లెక్క చూడండి. శక్తిని జౌళ్లలో కొలుస్తారు. 100 గ్రాముల వస్తువును 1 మీటరు పైకి ఎత్తితే దాదాపు 1 జౌలు. 20 కిలోల పిల్ల 3 మీటర్ల అంతస్తు ఎక్కితే 590 జౌళ్ల దాకా. రిమోట్‌లో వేసే మామూలు డబుల్ ఏ ఆల్కలైన్ బ్యాటరీ కొత్తదైతే దాంట్లో సుమారు 10,000 జౌళ్లు ఉంటాయి. అంటే ఏదీ వృథా కాకపోతే ఆ వేలెడు బ్యాటరీ ఆ పిల్లను పదహారు పదిహేడు అంతస్తులు ఎత్తగలదు. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు బ్యాటరీని తిప్పి తిప్పి చూశాను.

స్పానర్

"ఎక్కడి నుంచి, ఎక్కడికి" బాగుంది. ఆ రెండు ప్రశ్నలకు నా ఓటు. బోర్డు మీద నిర్వచనానికి మాత్రం కాదు.

నిద్రలేని_నాన్న

కింద పడే వస్తువుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక పుస్తకం, దానికంటే చిన్న కాగితం. పక్కపక్కన వదిలితే కాగితం ఊగుతూ వస్తుంది. కాగితాన్ని పుస్తకం మీద పరిచి వదిలితే రెండూ కలిసి పడతాయి. కాగితాన్ని ఉండ చేసి వదిలితే మళ్లీ కథ మారుతుంది. బరువు అదే కదా, మరి ఏం మారింది? ఇదయ్యాక 1971 ఆగస్టు 2 నాటి వీడియో చూపించండి. అపోలో 15లో వెళ్లిన డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదులుతాడు. రెండూ ఒకేసారి నేలను తాకుతాయి.

ముందే చెప్తున్నాను, మా పెద్దాడు వీడియో చూసి "అక్కడ గాలి లేదు కదా, మరి సుత్తి ఎలా పడింది?" అన్నాడు. వాడి లెక్కలో గాలి పైనుంచి నొక్కితేనే వస్తువులు పడతాయి. నేను ఊహించనే లేదు. చంద్రుడు కూడా లాగుతాడు, భూమి లాగే దాంట్లో ఆరో వంతు అని చెప్పాను. వాడు నమ్మినట్టు లేదు.

గోళీకాయ

ఉయ్యాల మర్చిపోయారు. ఒకే ఉయ్యాలలో ముందు సన్నటి పిల్లను, తర్వాత బొద్దుగా ఉన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టి పది ఊపులు లెక్కపెట్టమనండి. గట్టిగా తోయకూడదు. 2 మీటర్ల తాడైతే ఇద్దరికీ సుమారు 28 సెకన్లు వస్తుంది. బరువు మీద వాళ్లకున్న నమ్మకం అక్కడ కదులుతుంది, కారు దగ్గర కాదు. ఒకటే షరతు, ఇద్దరూ కూర్చునే ఊగాలి. ఒకరు నిలబడితే టైము మారిపోతుంది.

పలక_బలపం

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. బల్ల మీద పుస్తకం ఉంది. భూమి కిందికి లాగుతోంది, బల్ల పైకి తోస్తోంది అని చెప్పాలి. "బల్ల ఎలా తోస్తుంది టీచర్, దానికి చేతులు లేవు" అంటారు. నిజానికి నా చిన్నప్పుడు నాకూ అర్థం కాలేదు, మార్కుల కోసం రాశాను.

వర్నియర్_మాస్టారు

ఒక స్పాంజి తెండి. దాని మీద పుస్తకం పెట్టండి, స్పాంజి కుంగుతుంది. అదే స్పాంజిని పిల్లవాడి చేత అరచేత్తో నొక్కించండి. "నీ చేతిని ఏదైనా తోస్తోందా?" తోస్తోందంటాడు. ఎవరూ కాదనరు, తెలుస్తూనే ఉంటుంది కదా. తర్వాత రెండు స్టూళ్ల మధ్య సన్నటి చెక్క. దాని మీద పుస్తకాలు పేర్చండి, కొంచెం వంగుతుంది. ఇంకొంచెం మందం చెక్క, ఇంకా తక్కువ వంపు. అప్పుడు బల్ల. బల్ల కూడా వంగుతుంది, కంటికి కనబడనంత. తొందరపడి స్పాంజి నుంచి నేరుగా బల్లకు దూకకండి. మధ్యలో చెక్క లేకపోతే ఈ పాఠం నిలబడదు.

చిన్నిగాడి_అమ్మ

ఒక చిన్న జాగ్రత్త, అమ్మగా. గోళీలు, పూసలు మూడేళ్లలోపు తమ్ముళ్లు చెల్లెళ్లకు అందకుండా చూసుకోండి, గొంతులో ఇరుక్కుంటాయి. గుండ్రటి బొత్తాం బ్యాటరీలు, గట్టి చిన్న అయస్కాంతాలు మింగితే ఇంకా ప్రమాదం, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత బొమ్మలు విప్పే స్పానర్ గారు ముఖ్యంగా.

స్పానర్

ఒప్పుకుంటున్నాను. బ్యాటరీ ముందు నేను తీసేస్తాను, తర్వాతే స్క్రూడ్రైవర్.

పలక_బలపం

క్లాసు అయింది. ఫోనులో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నిర్వచనం చెరిపేశాను. బల్లలన్నీ గోడకు తోయించి నేల ఖాళీ చేశాను. ఒక్కొక్కరికి చిన్న చాక్‌పీసు ముక్క. "కారు ఎక్కడ ఆగుతుందో అక్కడ నీ గుర్తు పెట్టు." ఐదు నిమిషాలు పట్టింది, ఎందుకంటే అందరూ పక్కవాడి గుర్తు చూసి తమది చెరుపుకున్నారు. ఒక్క పుస్తకం ఎత్తులో వదిలితే కారు వాళ్లు అనుకున్నదాంట్లో సగం కూడా పోలేదు. రెండో పుస్తకానికి గుర్తులన్నీ దగ్గరికి వచ్చేశాయి. మూడోదానికి ముప్ఫై మందిలో పదకొండు మంది గుర్తులు కారు ఆగినచోటికి జానెడు దూరంలోనే ఉన్నాయి. లెక్కపెట్టాను.

తువ్వాలు పరిచినప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ అబ్బాయి వచ్చి తువ్వాలు మీద బోర్లా పడుకుని చక్రాలను చూశాడు. "టీచర్, దీని వెంట్రుకలు పట్టుకుంటున్నాయి" అన్నాడు. ఆ తర్వాత క్లాసులో ఎవరూ "బలం అయిపోయింది" అనలేదు. "పట్టుకుంది" అన్నారు. మాటలపోగు గారూ, ఊపు దాకా నేను పోనేలేదు, వాళ్ల మాట వాళ్లే తెచ్చుకున్నారు.

స్పాంజి బాగా నడిచింది. చెక్క దగ్గర ఒకడు అడిగాడు: "బల్ల పైకి తోస్తే పుస్తకం ఎగరాలి కదా?" నాకు జవాబు తట్టలేదు. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి అరచేతులు ఆనించి తోసుకోమన్నాను. ఇద్దరూ ఎర్రగా అయిపోయారు, ఎవరూ కదల్లేదు. "ఇద్దరూ తోస్తున్నారా?" తోస్తున్నారు. "ఎవరైనా ఎగిరారా?" అంతే, నవ్వులు.

ఇక నాణేల కారు. దాన్ని దాచేద్దామనుకున్నాను, వాళ్లే అడిగారు. "మొన్న ఎందుకు ఎక్కువ దూరం పోయిందో నేను పూర్తిగా చెప్పలేను, అందులో గాలి పాత్ర కూడా కొంత ఉందట" అన్నాను. బొమ్మ కారుకు పని లేదన్న అమ్మాయి లేచి, "అయితే గాలి ఎక్కువ తగిలేలా చేద్దాం" అంది. నోటుబుక్ అట్ట అరచేయంత కత్తిరించి కారు ముందు నిలువుగా అంటించింది. నాణేలు లేకుండా, అట్టతో వదిలితే కారు చాలా ముందే ఆగిపోయింది. నాణేలు పెట్టి, అట్టతో సహా వదిలితే అంత తగ్గలేదు. రెండుసార్లు చేసింది. మూడోసారి నన్ను పక్కకు జరగమంది.

వర్నియర్_మాస్టారు

ఆ అమ్మాయి చేసింది చదివి కుర్చీలోంచి లేచాను. నేను మూడు పేరాలు రాసిన దాన్ని ఒక అట్టముక్కతో తేల్చేసింది.

ఆకుపచ్చ

మేడమ్, ఆ అట్ట కారు ఫోటో ఉంటే పెట్టండి. మా క్లాసులో దొంగిలిస్తాను.

పలక_బలపం

ఫోటో తీయలేదండీ, చేతుల నిండా చాక్‌పీసు పొడి. ఈసారి తప్పకుండా. ఇంకో చిక్కొచ్చింది. గంట కొట్టాక ఒకడు జేబులోంచి బొంగరం తీసి, "తిరుగుతున్నప్పుడు ఇది ఎందుకు పడిపోదు?" అన్నాడు. రేపు చెప్తానని తప్పించుకున్నాను. మాస్టారూ?

వర్నియర్_మాస్టారు

రేపు కూడా తప్పించుకోండి. బొంగరం వాళ్ల చేతికే ఇచ్చి, వేగం తగ్గేకొద్దీ దాని తల ఎలా గుండ్రంగా తిరుగుతుందో పక్కనుంచి చూసి బొమ్మ గీయమనండి. ఎందుకలా అన్నది మీకు ఇక్కడ రాయాలంటే నాకు రెండు సాయంత్రాలు పడుతుంది, ఒకటి ఆలోచించడానికే.